లెక్కకెక్కని దూడ

కుడికాలు ఫినాయిల్ నీళ్ళ తొట్టిలో ముంచి, పది దాకా లెక్కపెట్టి తీసి, ఎడమకాలు ముంచాడు రంగసామి. రబ్బరు బూట్ల మీద నుంచి తెల్లటి నీళ్ళు కారాయి. గోడకు అటువైపు గుమ్మిడిపూండి పోయే మొదటి లోకల్ బండి కూత వేసింది. ఇటువైపు సముద్రం తన పని తాను చేసుకుపోతోంది. ఇరవై ఏడేళ్ళుగా అతనికి ఇలాగే తెల్లవారుతోంది.

తిరువొత్తియూరు కొసన, చేపలు ఎండబెట్టే ఇసుక మేటలు దాటాక, రెండాళ్ళెత్తు ప్రహరీ లోపల ఉంది అతను పనిచేసే పశువుల కొట్టాం. పరాయి దేశాల నుంచి ఓడల్లో దిగిన పశువుల్ని నెల రోజులు అక్కడే కట్టేసి, రక్తం తీసి పరీక్ష చేసి, రోగం లేదని తేలాకే బయటికి విడుస్తారు. విడవడానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రావాలి. ఏ ఉత్తర్వు వచ్చినా దాని అడుగున ఒకే మాట ఉంటుంది: రాష్ట్రపతి ఆదేశానుసారం, వారి పేరిట.

రంగసామి ఉద్యోగపు కాయితం మీద కూడా ఆ మాటే ఉండింది. అప్పట్లో అతని తల్లి ఆ కాయితాన్ని నిజంగా రాష్ట్రపతే కూర్చుని రాశాడనుకుని, పసుపు కుంకుమ పెట్టి వెంకటేశ్వర స్వామి పటం వెనక దోపింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

అతని వయసును పుట్టినరోజులతో కాదు, ఉత్తర్వులతో లెక్కపెట్టాలి. చేరిన కొత్తలో దేశానికి మంచి ఉన్ని కావాలని ఒక ఉత్తర్వు వచ్చింది, కొట్టాం నిండా గొర్రెలు దిగాయి. తర్వాత గొర్రెలు చాలన్నారు, పందులు వచ్చాయి. పందులు పోయి కోడిపిల్లల పెట్టెలు వచ్చాయి. ఒక ఆబోతు అతని కుడి బొటనవేలి గోరు నలగ్గొట్టి పోయింది. ఆ గోరు మళ్ళీ మొలవలేదు. ఫినాయిల్‌కు అరచేతులు ఎండిన చెరువు మట్టిలా పగిలాయి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఆ వాసనకు కాస్త జరిగి కూర్చుంటారు. అదీ అతనికి అలవాటైంది.

ఇప్పుడు ఆవులు వచ్చాయి. పాలు పెరగాలట. లేత గోధుమరంగు విదేశీ ఆవులు పన్నెండు, చెవులకు పసుపు బిళ్ళలు. ఒక్కోదాని వెన్ను మీద చెయ్యి వేస్తూ వరసగా నడిచాడు. "ఒకటి... రెండు..." ఏడో నంబరు ఆవు దగ్గర ఆగాడు. దాని పొట్ట కింద నుంచి దూడ తల బయటికి పెట్టింది. జింక రంగు, నుదుట రూపాయంత తెల్ల మచ్చ. ఇక్కడే ఈని పంతొమ్మిది రోజులైంది. అతని చెయ్యి నాకి, గోరు లేని బొటనవేలు నోట పెట్టుకుని చీకింది. కాసేపు చీకనిచ్చి, వేలు లాక్కుని, దాన్ని వదిలేసి, పక్క ఆవు మీద చెయ్యి వేసి "ఎనిమిది" అన్నాడు.

గేటు దగ్గర మేకుకు వేలాడే పలక మీద 12 అని సుద్దతో రాశాడు. పంతొమ్మిది రోజులుగా అంతే రాస్తున్నాడు.

పాలు తాగే దూడను మంద లెక్కలో చేర్చకూడదు. గడ్డి కొరికిన నాడే చేర్చాలి. పొన్నేరి పక్కన పశువులు కాచిన అతని తండ్రి చెప్పిన మాట అది. ముందే లెక్కపెడితే దిష్టి తగులుతుంది. రంగసామి ఈ మాటను దూడల దగ్గరే ఆపలేదు. మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయాక, మూడో బిడ్డ హేమమాలిని పేరు ఐదేళ్ళ దాకా రేషన్ కార్డులోకి ఎక్కనివ్వలేదు. జనాభా లెక్కల మనిషి వచ్చి "ఇంట్లో ఎందరు?" అంటే "ఇద్దరం" అన్నాడు. లోపల ఉయ్యాల్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. "మరి ఆ ఏడ్చేదెవరయ్యా?" "పక్కింటోళ్ళ బిడ్డ సార్." పక్కింటి పచ్చయమ్మ గోడ మీది నుంచి అంతా విని, ఆ నవ్వు వారం రోజులు నవ్వింది. హేమమాలిని బతికింది. ఇప్పుడు రోజూ రెండు రైళ్ళు మారి అంబత్తూరు కంపెనీకి పోయి వస్తోంది.

ఈ పొద్దు కూడా భార్య పుష్పవల్లి టిఫిన్ డబ్బా చేతికిస్తూ ఎత్తిపొడిచింది. "ఆ దూడని లెక్కలో ఏస్తివా లేదా?"

"గడ్డి కొరకనీలే."

"కూతురు లెక్కలో లేదు, దూడ లెక్కలో లేదు. పొద్దన లేస్తే నేను తాగే కాఫీలు మాత్రం బాగా లెక్కపెడతావు."

తొమ్మిదింటికి గుమాస్తా కోదండరాం వచ్చాడు. పార్కుటౌన్ కోమట్ల ఇంటివాడు. చెప్పులకు రోజూ మెరుగు పెట్టి వస్తాడు. ఆ చెప్పులు తొట్టిలో పెట్టడం ఇష్టంలేక ఏనాడూ గేటు దాటి లోపలికి రాలేదు. బయట నిలబడి పలక చదువుకుని, ఆ అంకె టైపు కొట్టి రోజూ ఢిల్లీకి పంపుతాడు.

"నీ పలకే మాకు వేదమప్పా రంగసామీ," అన్నాడు రోజూ అనే మాటే. తర్వాత చేతిలోని ఫ్యాక్స్ కాయితం ఆడించాడు. "వచ్చేసింది. పన్నెండింటికీ విడుదల. రెండింటికి లారీలు వస్తా ఉండాయి. ఏదో సర్కారు ఫారానికి పోతాయంట."

"దూడ?"

"ఏ దూడ?"

"ఏడో నంబరు ఈనింది సార్," అన్నాడు రంగసామి. కోదండరాం ముఖం మెల్లగా పాలిపోయింది.

పాత డాక్టరు బదిలీ అయ్యాక కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, పశువుల డాక్టరు వాసంతి వచ్చి ఎనిమిది రోజులే అయింది. పురసవాక్కం అమ్మాయి, ముప్పై నిండలేదు. వచ్చిన రోజే దూడను చూసి ముచ్చటపడింది, దాని సంగతి ముందే ఢిల్లీకి రాసి ఉంటారనుకుంది. ఇప్పుడు ఉత్తర్వు రెండుసార్లు చదివింది. విదేశాల్లో పశువులకు కొత్త రోగాలు పుడుతున్నందువల్ల పోయిన నెల నుంచి ఒక షరతు కలిపారు. ఉత్తర్వులో నంబరు లేని పశువును ఆవరణ దాటించరాదు. విడుదల నాటి సాయంత్రంలోపు దాన్ని అక్కడే అంతం చేసి సున్నంలో పూడ్చాలి. మర్నాడు ఆవరణంతా శుద్ధి చేయాలి. వచ్చే ఓడ అప్పుడే సముద్రంలో ఉంది.

ఢిల్లీ లైను దొరికేసరికి పదకొండున్నర అయింది. వాసంతి ఇంగ్లీషులో బతిమాలింది. అవతలి మనిషి చెప్పింది విని ఫోను పెట్టేసింది.

"ఏమన్నారమ్మా?" అని కోదండరాం అడిగాడు.

"సవరణకి ఫైలు కదలాల, పదిహేను రోజులు అన్నాడు. మీరే పంతొమ్మిది రోజులు పన్నెండని పంపినారు గదా అన్నాడు. దూడ ఉంటే అన్ని రోజులూ అబద్ధం రాసినట్టు, లేకపోతే నన్ను అడిగే పనే లేదు, అన్నాడు."

"నా తప్పే డాక్టరమ్మా," అన్నాడు రంగసామి వాకిట్లో నిలబడి. "దిష్టని రాయలేదు."

"నేను లోపలికొచ్చి చూసుంటే తెలిసుండును," అన్నాడు కోదండరాం, తన చెప్పుల కేసి చూసుకుంటూ.

"ఆ రాష్ట్రపతి అయ్యకి ఒక మాట చెప్పలేమా సార్? నాకు ఉద్యోగం ఇచ్చినాయనే గదా."

కోదండరాం నవ్వబోయి ఆగాడు. "ఆయనకి నువ్వూ తెలీదు, నేనూ తెలీదు, దూడా తెలీదప్పా. పేరు ఆయనది, సంతకం ఇంకెవరిదో."

రెండున్నరకు లారీలు వచ్చాయి. వెనక చెక్కలు వాల్చి ఆవుల్ని ఎక్కించారు. ఏడో నంబరు ఎక్కలేదు. నలుగురు నెట్టారు. మధ్యలో ఆగి మెడ తిప్పి చిన్నగా అరిచింది. రంగసామి దాని చెవి దగ్గర ఏదో గొణిగి, నుదురు నిమిరి, తనే ఎక్కించాడు. లారీలు మలుపు తిరిగేదాకా ఆ అరుపు వినిపించింది. దూడ ఖాళీ గాటి దగ్గర నిలబడి, తల్లి నిలబడిన నేలను వాసన చూసింది.

వాసంతి అతని పక్కకు వచ్చింది. గొంతు తగ్గించింది. "పెద్దాయనా, ఎనక గేటు తాళం మీ దగ్గరే ఉండాది గదా. నేను నాలుగింటి దాకా ఆఫీసులో కాయితాలు చూసుకుంటా ఉంటా. లేని దూడ ఏమైందని ఎవురూ అడగరు."

తాళంచెవి అతని మొలతాడుకే ఉంది. దాన్ని వేళ్ళతో పట్టుకున్నాడు. వెనక గేటు నుంచి ఇల్లు పావుగంట నడక. ఇంటిని ఆనుకునే పచ్చయమ్మ కొట్టం, అందులో రెండు పాడి ఆవులు. డబ్బా పాలు, సీసా... ఎన్ని దూడలను సాకలేదు? దూడ వచ్చి మళ్ళీ అతని బొటనవేలు వెతుక్కుంది.

"దీని రక్తం ఎవురన్నా తీసినారా తల్లీ?"

వాసంతి తల అడ్డంగా ఊపింది. నంబరు లేని పశువుకు సీసా మీద ఏమని రాస్తారు?

"మంచిదే అయి ఉంటాది," అంది.

"అయి ఉంటాది." తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుతూ అన్నాడు. "గొర్రెలు వచ్చిన కాలంలో మిగిలిన తవుడు ఒక గోతం ఎనక గేటు నుంచి ఇంటికి ఎత్తుకుపోతి. పచ్చయమ్మ ఆవుకి పెట్టింది. ఎనిమిది రోజుల్లో వీధి వీధంతా గాలికుంటు. నోళ్ళు పుండ్లు పడి, గిట్టలు ఊడి, ఆయమ్మ ఆవు నా కళ్ళ ముందరే నేల పట్టింది. ఏ పాపిష్టోడు తెచ్చినాడో అని తిడతా ఏడ్చింది. పక్కన నిలబడి నేనూ అవునంటి." తాళంచెవి వదిలేశాడు. "ఈ పొద్దు దాకా ఆయమ్మ ఇంటి పాలే తాగుతా ఉండాను. ఎవురికీ చెప్పలేదు. నా ఇంటిదానికి కూడా."

దూడ నోట్లోంచి వేలు లాక్కున్నాడు.

"కాపాడాలంటే ముందరే రాసుండాల. ఇప్పుడు తీసుకుపోతే అదే గోతం మళ్ళీ."

గేటు దగ్గరికి నడిచాడు. తొట్టిలో కాళ్ళు ముంచాడు, పది దాకా లెక్కపెట్టాడు. పలక మీది 12ను అరచేత్తో తుడిచాడు. కొట్టాం ఖాళీ అయిన రోజున సున్న పెట్టడం వాడుక. సుద్దముక్క పట్టుకుని కొంచెంసేపు నిలబడి 1 అని రాశాడు. పెద్దదిగా, ఒత్తి ఒత్తి రాశాడు. తిరిగి వచ్చి దూడ వెన్ను మీద, అన్నిటి మీదా వేసినట్టే, చెయ్యి వేశాడు.

"ఒకటి," అన్నాడు.

గడ్డి పరిచి కూర్చుని, దూడ తలను తొడ మీద పెట్టుకున్నాడు. కుడి బొటనవేలు దాని నోటికిచ్చాడు. వాసంతి మెడ మీద నరం వెతికింది. మందు నింపిన సూది దాని మీద ఆనించింది. "మెల్లగా కానీ తల్లీ," అన్నాడు. దూడ కళ్ళు మూసుకుని చీకుతూనే ఉంది. బయట కాకులు అరుస్తున్నాయి. చీకడం నెమ్మదించింది. ఒకసారి గట్టిగా లాగింది. తర్వాత ఆగింది. అతను వేలు వెంటనే తీయలేదు.

గొయ్యి తనే తవ్వాడు. సున్నం చల్లి పూడ్చాడు. బూట్లు కడిగి బోర్లించాడు.

అయిదింటికి కోదండరాం పలక చూసుకునేందుకు వచ్చాడు. గేటు బయట ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. తర్వాత ఏమనుకున్నాడో, మెరుగు పెట్టిన చెప్పులతోనే తొట్టిలో దిగి లోపలికి వచ్చాడు. ఖాళీ గాటి వరస, మూలన తెల్లటి మట్టి చూశాడు.

"ఒకటని రాసినావేమప్పా?"

"ఉండింది సార్. రాసుకోండి."

కోదండరాం తడి చెప్పులతో ఆఫీసుకు పోయి టైపు మిషను ముందు కూర్చున్నాడు. ఆవరణలో ఉన్న పశువుల సంఖ్య అన్న మాట ఎదుట 1 కొట్టాడు. ఢిల్లీకి పంపాడు.

రంగసామి టిఫిన్ డబ్బా తీసుకుని ఇంటి దారి పట్టాడు. అన్నం తినలేదని పుష్పవల్లి బరువు చూసి కనిపెడుతుంది. ఎందుకని అడుగుతుంది. చెప్పాలి. అది అయ్యాక పచ్చయమ్మ గడపలోకి పోయి నిలబడాలి. ఎండు చేపల వాసన దాటి, రైలు కట్ట పక్కన అతని నీడ పొడుగై పోయింది.

గేటు దగ్గర సముద్రపు గాలికి పలక మేకుకు కొట్టుకుంటూ ఉంది. దాని మీద తెల్లగా, చెదరకుండా, ఒకటి.