అతిథిగా వచ్చిన బెన్విందా

లిస్బన్‌లో, అల్ఫామా పేటలో, మా పైవాటాలో బెన్విందా నలభై ఏళ్లు అద్దెకుంది. నిరుడు ఇంటి యజమాని అబీలియు ఆమెను వెళ్లగొట్టి, ఆ వాటాను సెలవులకొచ్చే టూరిస్టులకు రోజుల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టాడు.

మొన్న శుక్రవారం ఆమె పెట్టెతో దిగింది. మనవరాలి పేరు మీద ఆ వాటానే ఆదివారం దాకా అద్దెకు తీసుకుందట. సాయంత్రం కిటికీ దగ్గర సార్డీన్ చేపలు కాలుస్తుంటే, ఆ పొగ చూసి అబీలియు పరుగున వచ్చాడు.

"నువ్వా! నిన్నెవడు రానిచ్చాడే ముసలీ? నడు బయటికి!"

"నువ్వేరా. అద్దె పుచ్చుకున్నావుగా, ఇప్పుడు నేను నీ అతిథిని. వెళ్లి శుభ్రమైన తువ్వాళ్లు పట్రా."

"పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు. వాళ్లకీ రెండు చేపలు పెడతా."

మెట్ల మీద చేరిన మేమంతా పకపకా నవ్వాం. అతను మమ్మల్నీ కలిపి తిట్టుకుంటూ పోయాడు.

ఆదివారం తాళంచెవి అతని కాళ్ల ముందు విసిరేసి ఆమె కిందికి వచ్చింది.

"గెలిచావు అక్కా!" అన్నాను.

ఆమె మొహంలో నవ్వు లేదు.

"ఏం గెలుపే? వంటగది గోడ పడగొట్టి హాల్లో కలిపేశాడు, దుర్మార్గుడు. పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని నిద్రకళ్లతోనే నడిచాను, ఎప్పట్లాగే. ఎవరిదో సోఫా తగిలి పడ్డాను. వాడి ఇల్లు వాణ్ణే ఏలుకోమను. ఇక రాను."

పెట్టె నన్ను ముట్టుకోనివ్వలేదు. తనే మోసుకుంటూ సందు దిగిపోయింది.