మూడో గడి

"అక్కా, ఈ పనికి ఏ కోర్సు సదవాల?" అని సాయిలక్ష్మి అడిగింది. రావికమతం నుంచి వచ్చి మా పళ్లాసుపత్రిలో చేరి రెండు రోజులైంది. ఇంటరు పాసైన పిల్ల.

విశాఖపట్నంలో కోర్సులున్నాయి, చదువుకుంటే మంచిదే అన్నాను. నేను మాత్రం చదవలేదు. పదేళ్ల కిందట ఇదే నర్సీపట్నంలో, ఇదే కుర్చీ పక్కన నిలబడి నేర్చుకున్నాను. పరికరాలు కడిగి ఆవిరిలో శుభ్రం చేయడం, సిమెంటు కలపడం, నోట్లో ఊరే నీళ్లను గొట్టంతో లాగడం. ఆరు నెలలకే అన్నీ వచ్చేశాయనుకున్నాను. పేషెంట్లు నర్సమ్మా అని పిలుస్తుంటే పొంగిపోయేదాన్ని.

కేస్‌షీటు నింపడమూ నా పనే. మొదటి గడి షుగరు, రెండో గడి బీపీ, మూడో గడి పొగతాగే అలవాటు. ఆడవాళ్లొస్తే మూడో గడిలో అడక్కుండానే 'లేదు' అని రాసేసేదాన్ని.

ఆ రోజుల్లో అచ్చియమ్మగారు వచ్చారు. అరవై దాటిన మనిషి, జీడితోటల్లో కూలిపని. పై పళ్ల సెట్టు ఒరుసుకుని అంగిలి మండుతోందన్నారు. పక్కన కూర్చోగానే నాకు చుట్ట వాసన తెలిసింది. మా అమ్మ దగ్గర వచ్చే వాసనే. మా అమ్మ అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తుంది.

అడగాలి. నోటిదాకా వచ్చింది. కానీ లోపలి గదిలో డాక్టరుగారున్నారు. ఆ మాట పలికితే నేనెలాంటి ఇంటి నుంచి వచ్చానో ఆయనకు తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను. ఎంత పాడు సిగ్గు! మూడో గడిలో 'లేదు' అని రాశాను.

డాక్టరుగారు లైటు తిప్పి, అంగిలి మీద తెల్లటి మచ్చ చూసి, "అలవాట్లేమైనా ఉన్నాయా?" అని నన్ను అడిగారు.

"లేవండీ," అన్నాను.

అయితే సెట్టు ఒరిపిడే అయ్యుంటుందని దాన్ని అరగదీసి, రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. మంట తగ్గింది, జీడిపిక్కలు ఏరే రోజులు, ఆవిడ రాలేదు.

ఎనిమిది నెలలకు వచ్చారు. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయి. డాక్టరుగారు లైటు తిప్పి చూస్తే అంగిలికి చిల్లు పడి ఉంది. విశాఖపట్నంలో క్యాన్సర్ డాక్టర్లకు చూపించుకోమని చీటీ రాస్తూ, చుట్ట తాగుతారా అని అప్పుడు అడిగారు.

"అడ్డపొగేనండి. నా పన్నెండో ఏటికాడ్నుంచి," అన్నారావిడ.

ఆయన పాత కేస్‌షీటు తీసి చూశారు. మూడో గడి చూసి షీటు నా చేతికిచ్చేశారు. తిట్టినా బాగుండేది.

ఆవిడను బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. సీట్లో కూర్చోబెట్టి, ఆ రోజు వాసన తెలిసి కూడా అడగలేదని చెప్పేసి ఏడ్చాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నావైపు చూశారు.

"నువ్వడిగుంటే సెప్పీదాన్నే నర్సమ్మా. నానేటి దాసుకున్నానా?"

ఆ తర్వాత వచ్చిన వేసవి దాటకుండానే పోయారు.

ఇదంతా విని సాయిలక్ష్మి తన చేతిలోని కేస్‌షీటు వైపు చూసుకుంది. పొద్దున తను రాసిందే. బయట బల్ల మీద ఎదురుచూస్తున్న దేవుడమ్మగారిది. మూడో గడిలో 'లేదు' అని ఉంది.

"అడిగేవా?" అన్నాను.

తల అడ్డంగా ఊపి, లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"అమ్మా, సుట్ట తాగుతారా? అడ్డపొగా?"

దేవుడమ్మగారు డాక్టరుగారి గది వైపు ఓసారి చూసి తల దించుకున్నారు.

"సిగ్గేటమ్మా, మా మామ్మ కూడా అదే తాగుద్ది," అంది సాయిలక్ష్మి. గొంతు తగ్గించలేదు. లోపల డాక్టరుగారికీ వినబడింది.

"పెళ్లి కాకముందు నుంచీ అలవాటమ్మా," అన్నారావిడ మెల్లగా.

సాయిలక్ష్మి 'లేదు' కొట్టేసి, పక్కన రాయడం మొదలుపెట్టింది.