సగం మరిచిన నూలు

ఏది ముందో ఏది తర్వాతో చెప్పడంలో కాస్త అటూ ఇటూ కావచ్చు గానీ, జరిగింది మాత్రం ఇదే.

తివాచీల కార్ఖానాలో అత్త ఉన్ని నూలు కడిగేది, కోడలు మగ్గం మీద నేసేది. గొర్రె ఒంటి మీంచి దిగి, వడికి, పొడుగాటి నూలు చుట్టలుగా చిలపలు కట్టాక కూడా ఉన్నికి తన దొడ్డి గుర్తుంటుంది. పొద్దు వాలితే చిలపలు అటువైపే పాకుతాయి. అందుకే నూలు కొట్టుకి బయట గడియ. సోడా తొట్టిలో జిడ్డు వదిలించి, క్లోరిన్ తొట్టిలో ముంచితే వెంట్రుక మీది గరుకు పోతుంది. దాంతోపాటే దొడ్డి దారీ పోతుంది. అప్పుడే తివాచీ వేసినచోట పడి ఉంటుంది.

ఎంతసేపు ముంచాలో అత్త వాసన చూసి చెప్పేది. ఈమధ్య ఆవిడ మతి జారుతోంది. ఇంటికని బయల్దేరి ఏదో వీధిలో తేలుతోంది. ముసలమ్మని ఇంక ఇంట్లో కూర్చోబెట్టమని మేస్త్రి కోడలికి మెల్లగా చెప్పాడు. ఆవిడ కూర్చుంటే కాపలాకి కోడలూ కూర్చోవాలి. మొదటిసారి తను సొంతంగా గీసిన నమూనాతో నేస్తున్న తివాచీ ఇంకొకరి చేతిలో పడుతుంది.

ఆరోజే అత్త ఒక చిలపని క్లోరిన్‌లోంచి మధ్యలోనే తీసేసి, మంచినీళ్ళలో జాడించి పిండేసింది.

"ఇదేంటత్తా, సగమే అయింది కదా?" అంది కోడలు.

"సగమైతే ఏమే? నేనూ సగమే ఉన్నాను. పారేస్తావా?"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. తీసుకుని మళ్ళీ ముంచబోతే చిలప అత్త చేతిని వదల్లేదు, మణికట్టుకి చుట్టుకుపోయింది.

సాయంత్రం పని దిగి అత్త ఇంటిదారి పట్టింది. కోడలు మగ్గం వదిలేసి, కనబడకుండా వెనకే నడిచింది. నాలుగురోడ్ల దగ్గర అత్త కుడికి తిరగబోతే చిలప ఇల్లున్న ఎడమవైపుకి లాగింది.

"వస్తున్నాగా, తొందరేంటి నీకు?" అని అత్త దాన్ని కసిరింది.

ఆ నూలు దొడ్డిని మరిచింది గానీ, ఇల్లు చేరాలన్నది మరవలేదు. తనని పిండిన చేతులు ఉండేదే ఇల్లనుకుంది.

గుమ్మం ముందు అత్త ఆగిపోయి, ఇదెవరిల్లమ్మా అని పక్కింటావిడని అడిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే చిలప చేతి మీంచి జారి, గడప దాటి, పీట మీద ముడుచుకుని పడుకుంది.

"మనదే," అంటూ అత్త లోపలికి వెళ్ళింది.

వీధి మలుపు నుంచే ఇదంతా చూసిన కోడలు గుమ్మం దాకా రాకుండానే వెనక్కి తిరిగింది. పొద్దు ఇంకా ఉంది. గబగబా నడిస్తే మగ్గం మీద ఇంకో రెండు వరసలు పడతాయి.