తొకికో చేరిన అంచు

ఎవరిని ఏ కొండకు పంపాలో కొజుయెకు తెలిసినట్టు జపానులోని ఆసోలో ఇంకెవరికీ తెలియదని చుట్టుపక్కల సత్రాల వాళ్లంతా ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్లు కూడా చిక్కు వచ్చినప్పుడు ఆమెకే ఫోను చేస్తారు. నలభై రెండేళ్ల మనిషి. అతిథులకిచ్చే రెండు గదులున్న పాత ఇల్లు, ఎనిమిది బ్యాటరీ సైకిళ్లు, ఒక వ్యాను, ఇదే ఆమె సరంజామా అంతా. వచ్చిన వాళ్లను ఏం చూడాలని ఉందని ఆమె ముందుగా అడగదు. మీ ఇంట్లో మెట్లెన్ని, బట్టలకు మట్టంటి ఎన్నాళ్లయింది, పొద్దున లేవగానే ఏ కీలు పట్టేస్తుంది, ఇలాంటివి అడుగుతుంది. వాళ్లు జవాబు ముగించేలోపే గుర్రాల మైదానానికి పంపాలో, మెట్ల కొండ ఎక్కించాలో, లేక వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి ఊరుకోవాలో ఆమెకు తేలిపోతుంది.

మే నెలాఖరులో ఒసాకా నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్లు ఆమె ఇంట్లో దిగారు. పెద్దామె తొకికోకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు ఒక మిల్లులో క్యాంటీను నడిపింది, ఆ అజమాయిషీ గొంతులో ఇంకా అలాగే ఉంది. నడిమి ఆమె మినే టోపీల కొట్టు పెట్టుకుంది. చిన్నామె యుకారికి అరవై ఒకటి, అయినా ఇప్పటికీ ఇద్దరక్కల చేతా సంచులు మోయిస్తుంది.

సాయంత్రం టీ దగ్గర మరుసటి రోజు సంగతి వచ్చింది. మినేకు గాలిగొడుగు కట్టుకుని కొండమీంచి దూకాలని ఉంది. యుకారికి వేడినీళ్లలోంచి కదలాలని లేదు. తొకికో మాత్రం ఇద్దరి మాటా పక్కన పెట్టి, నాకదాకె అగ్నిబిలానికి ముగ్గురికీ తొమ్మిదింటి బస్సు ఒసాకాలోనే ఖాయం చేసుకొచ్చానని, ఇందులో చర్చేమీ లేదని చెప్పింది. కొజుయె ఇక్కడి నుంచి గైడుగా వెంట వస్తే చాలంది.

కొజుయె ఆమె మాటలకన్నా మాటల మధ్య ఖాళీలను వింటోంది. గేటు నుంచి అరుగు దాకా వచ్చేలోపు ఈ పెద్దామె రెండుసార్లు ఆగి, పూలు బాగున్నాయంది. అక్కడ పూలేమీ లేవు, ముల్లంగి మడి ఉంది. ఇప్పుడు కూర్చుని మాట్లాడుతున్నా ఊపిరి చివర సన్నగా ఈల వినిపిస్తోంది.

"తొకికో గారూ, మీకు ఉబ్బసం ఎప్పట్నుంచి?" అంది కొజుయె, మీది ఏ ఊరని అడిగినంత మామూలుగా.

"నాకా? ఉబ్బసమా? అదేం లేదు. దుమ్ము పడలేదంతే."

"నిన్ననే చాపలన్నీ ఎత్తి దులిపానండీ. మా ఇంట్లో దుమ్ముందన్న మొదటి మనిషి మీరే."

యుకారి నవ్వు ఆపుకోలేకపోయింది. మినే టీ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. ఇక దాచి లాభం లేదని తొకికోకు అర్థమైంది కానీ వెనక్కి తగ్గలేదు. బిలం దగ్గర నిలబడేది పది నిమిషాలు, ఆ మాత్రానికి కొంపలేం మునగవంది. అక్కడ గంధకపు పొగ వస్తుందని, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు రాకూడదని నాలుగు భాషల్లో మైకులో చెబుతుంటారని కొజుయె చెప్పింది.

"చెప్పుకోనీ. మైకు వచ్చి నా ఛాతీలోకి తొంగి చూస్తుందా ఏమిటి?"

"చూడదు. మీరు ఏమీ లేదంటే పోనిస్తారు కూడా. నేను మాత్రం పంపను. వేరే ఎవరినైనా కుదుర్చుకుంటానంటే మీ ఇష్టం, కానీ వాళ్లకి ఈ ఈల సంగతి నేనే ఫోను చేసి చెప్తాను."

ఆ మాట అనడంలో కోపం లేదు, బతిమాలడం అంతకన్నా లేదు. నాలుగేళ్ల క్రితం ఒకాయన తనకే జబ్బూ లేదని నవ్వుతూ చెబితే ఆమె నమ్మింది. బిలం గట్టుకు యాభై అడుగుల ముందు ఆయన నీలంగా మారి కూలబడ్డాడు. నలుగురు కలిసి దించారు, ఆయన బతికాడు. అప్పటి నుంచీ ఆమె మనుషుల నోటిని కాదు, ఊపిరిని అడుగుతోంది.

తొకికో లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. కాసేపు పోయాక కొజుయె వెళ్లి ముల్లంగి మడి గట్టున ఆమె పక్కనే కూర్చుంది. అడగకుండానే తొకికో చెప్పింది. తనకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ముగ్గురినీ ఇక్కడికి తెచ్చాడట. ఆ ఉదయం తనకు ఆయాసం వచ్చింది. నాన్న తనను బస్సులో, డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి, మినేను చెయ్యి పట్టుకుని, రెండేళ్ల యుకారిని భుజాన ఎత్తుకుని పైకి వెళ్లాడు. గంటన్నర సేపు తను అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. ఆ తర్వాత ఇంట్లో ఏ పండక్కి కూర్చున్నా బిలంలో పచ్చగా ఉడికే నీళ్ల కథే.

"మినే చెప్తే సరే, దానికి ఆరేళ్లు. యుకారి కూడా చెప్తుందండీ. రెండేళ్ల పిల్ల, అది చూసింది మా నాన్న నెత్తి." తొకికో నవ్వబోయి దగ్గింది. "వాళ్లిద్దరూ చూశారు, నేను కింద ఉండిపోయాను. ఇన్నేళ్లూ అదే."

కొజుయె అయ్యో అనలేదు. ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆయాసం దేనికి వస్తుంది? చలిగాలికి, పొగకు. గడ్డికి? రాదు, చిన్నప్పుడు పిన్ని ఊళ్లో గడ్డివాములోనే పడుకునేదట. మందు పీల్చే గొట్టం దగ్గరుందా? జేబులో ఉంది. డాక్టరు నడవమన్నాడా? రోజూ గంట నడవమన్నాడు. సైకిలు తొక్కుతారా? ఆ ప్రశ్నకు తొకికో కాస్త నిక్కింది. క్యాంటీనుకు ముప్పై ఏళ్లూ సైకిలు మీదే వెళ్లిందట, ఒక్కోసారి వెనక బియ్యం బస్తాతో.

మొదట కొజుయె గుర్రాల మైదానం మాటెత్తింది. పొట్టి గుర్రం మీద కూర్చోబెట్టి తిప్పడానికి నేనేమన్నా చిన్నపిల్లనా అని తొకికో కొట్టిపారేసింది. కొజుయెకు కావలసిన జవాబు అదే.

"అయితే రేపు మీ చెల్లెళ్లిద్దరూ బస్సెక్కుతారు. మీరు నాతో ఉత్తరపు గట్టు మీదికి వస్తారు. అక్కడ ఆవుల మేత బీళ్లున్నాయి. ఊరివాళ్లవి, బయటివాళ్లని రానివ్వరు. నేను వెంట ఉంటే గేటు తీస్తారు. నచ్చకపోతే ఎల్లుండి నన్ను మీ ఊరంతా తిట్టుకోండి."

ఆ గేటు తాళం ఫురుషో చేతిలో ఉంటుంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, మేత సంఘానికి పెద్ద, పదకొండు ఎర్రావులకు యజమాని. కొజుయె ఫోను చేస్తే ముందు విసుక్కున్నాడు, తర్వాత వయసడిగాడు, మళ్లీ విసుక్కున్నాడు. చివరికి, తన చిన్న ట్రక్కులో వెనకాలే వస్తానని, ముసలమ్మ పడితే ఎత్తుకురావడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఒప్పుకున్నాడు.

ఉదయం ఆవాకు అన్నం తిని చెల్లెళ్లు బస్సెక్కారు. గేటు దగ్గర ఫురుషో మందునీళ్ల పళ్లెం పెట్టి నిలబడ్డాడు. పశువులకు బయటి రోగాలు అంటకుండా చెప్పులూ చక్రాలూ అందులో ముంచాలి. తొకికో తన బూట్లు ముంచి, సైకిలు చక్రాలు రెండూ తిప్పితిప్పి తడిపి, ఆయన రబ్బరు బూట్లకేసి చూసింది.

"మీవి ముంచారా?"

"నేను రోజూ ఇక్కడే తిరుగుతానమ్మా."

"ఇప్పుడు రోడ్డు మీంచి వచ్చారుగా. నేను చూశాను."

ఫురుషో కొజుయె వైపు చూశాడు. కొజుయె సైకిలు బ్రేకు సరిచూస్తున్నట్టు తల వంచుకుంది. ఆయన ముంచాడు.

లోపల చెట్టన్నది లేదు. కొండలన్నీ ఒకే పచ్చటి దుప్పటి కప్పుకున్నట్టున్నాయి. మార్చిలో పాత గడ్డి కాల్చిన నేల మీద కొత్త గడ్డి మోకాలెత్తు లేచింది. దారి పక్కన ఎర్రావులు దూడలతో పడుకుని, వీళ్లు వస్తుంటే తలెత్తి చూసి మళ్లీ నెమరు వేసుకున్నాయి. బ్యాటరీ తోడుంది కాబట్టి ఎత్తులు తేలిగ్గానే గడిచాయి. తొకికో మొదటి కొండ దిగేటప్పుడు హాండిలు గట్టిగా పట్టుకుంది, రెండో కొండ దిగేటప్పుడు పాట అందుకుంది. ఒసాకా వాళ్లు నోటితోనే తొక్కుతారని ఫురుషో ట్రక్కు కిటికీలోంచి అన్నాడు. నోరు పనిచేసినంతసేపూ కాళ్లూ పనిచేస్తాయని ఆమె అక్కడి నుంచే జవాబిచ్చింది.

ఆఖరి ఎత్తు నిట్టనిలువుగా ఉంది. సగంలో గాలి చల్లబడి ఎదురు తిరిగింది. పాట ఆగిపోవడం కొజుయె విన్నది. వెనక్కి తిరిగి చూసేసరికి తొకికో సైకిలు దిగి, దాని మీద వాలి నిలబడి ఉంది. భుజాలు పైకి లేచిపోతున్నాయి.

కొజుయె పరుగెత్తలేదు. నడిచి వెళ్లి, ఆమెను గాలికి వీపు పెట్టి గడ్డిలో కూర్చోబెట్టి, జేబులోంచి గొట్టం తీసిచ్చింది. తన కోటు తీసి ఆమె మెడకు చుట్టింది. మాట్లాడొద్దని చెప్పి, చేయి వీపు మీద ఉంచి, ఊపిరి ఎలా ఉందో అరచేత్తోనే విన్నది. పది నిమిషాలకు భుజాలు దిగాయి. ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టింది. మీ చెల్లెళ్ల మీద ఉన్న ఫిర్యాదులన్నీ ఒక్క గుక్కలో చెప్పమంది. తొకికో ఆపకుండా చాలాసేపు చెప్పింది. ఎక్కడా ఈల లేదు.

ఈలోపు ఫురుషో ట్రక్కు తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఎగతాళి పోయింది.

"లోపల కూర్చోమ్మా. వెచ్చగా ఉంటుంది. ఈ పిల్ల పైకెళ్లి ఫోటో తీసుకొస్తుంది, చూద్దువుగాని."

తొకికో ఆ తెరిచిన తలుపునూ డ్రైవరు పక్క సీటునూ చూసింది.

"బండిలో కూర్చోబెట్టడం ఒక్కసారి చాలు నాకు," అంది మెల్లగా. తర్వాత కొజుయె వైపు తిరిగింది. "మీరేమంటారు? వద్దంటే దిగిపోతాను."

నిన్న తనను కాదన్న మనిషి మాటకు ఇవాళ తలొగ్గడానికి ఆమె సిద్ధంగా ఉంది. కొజుయె మరొకసారి ఆమె పెదవుల రంగు చూసింది, గాలి చూసింది, పైనున్న దూరం చూసింది. రెండు వందల అడుగులు ఉంటుంది.

"సైకిలు ఇక్కడ పడేద్దాం. నడిచి వెళ్దాం. ఇరవై అడుగులకోసారి ఆగుతాం. నేను ఆగమన్నప్పుడు పూలు చూస్తున్నానని బుకాయించకూడదు."

ఫురుషో కొజుయెను పక్కకు పిలిచి గొణిగాడు. నిన్న బిలానికి వద్దన్నావట, ఇవాళ ఆయాసం వచ్చాక కూడా ఎక్కిస్తున్నావు, ఇదేం లెక్క పిల్లా అన్నాడు.

"అక్కడ గాలి చెడ్డది తాతా. ఎంత ధైర్యం ఉన్నా గాలిని మార్చలేం. ఇక్కడ గాలి మంచిదే, మెల్లగా నడవాలంతే. అది ఆవిడ చేతిలో పని."

పదకొండుసార్లు ఆగారు. చివరి రెండుసార్లు కొజుయె చెప్పకముందే తొకికో తనే ఆగింది. ఫురుషో ట్రక్కు వదిలేసి, ఆమె సైకిలు తోసుకుంటూ వెనకాల వచ్చాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

పైన గడ్డి హఠాత్తుగా తెగిపోయింది. ఆ కింద గోడ కోసినట్టు దిగిపోయిన లోయ. లోయ నిండా నీళ్లు పెట్టిన వరిమళ్లు, ఇళ్లు, బడి, రైలు పట్టాలు. చుట్టూరా, కనుచూపు మేరా, ఇదే గోడ పెద్ద గుండ్రంగా తిరిగి మళ్లీ ఇక్కడికే వస్తోంది. నడిమధ్య అయిదు శిఖరాలు, వాటిలో ఒకదాని నెత్తిన నాకదాకె పొగ, తెల్లగా, ఒక చుట్ట తాగుతున్నంత చిన్నగా.

"ఈ గోడేమిటి?" అని అడిగింది తొకికో.

"ఇది బిలం అంచు. ఎప్పుడో ఈ మొత్తం పేలి కూరుకుపోయింది. అదుగో, ఆ పొగ వచ్చేది ఇందులో పుట్టిన పిల్ల. వేలమంది లోపలే కాపురం ఉంటున్నారు. మా ఇల్లు కూడా అందులోనే, ఆ నీలం కప్పు వెనకాల."

తొకికో కళ్లతో ఆ గుండ్రాన్ని ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు తిరిగింది. ఆ తర్వాత గడ్డిలో కాళ్లు చాపుకుని కూర్చుని, "మా నాన్నకి ఇది తెలిసుండదు," అంది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఆయన మీద జాలి ఉంది.

ఫురుషో భార్య కట్టిచ్చిన చిలగడదుంప ఉండలు ముగ్గురూ పంచుకున్నారు. బీళ్లను ఏటా కాల్చకపోతే నాలుగేళ్లలో తుప్పలు కమ్మేస్తాయని, కాల్చే ముందు శరదృతువులో మంట దాటకుండా చుట్టూ గడ్డి కోసి బాట వేయాలని, ఊళ్లో చేతులు తగ్గిపోయాయని ఆయన చెప్పుకొచ్చాడు. ఎన్ని మైళ్లు కోయాలి, మధ్యాహ్నం కోతగాళ్లకు అన్నం ఎవరు వండుతారు అని తొకికో వివరంగా అడిగింది. ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకుంటారని వినగానే ఆమె మొహం చిట్లించింది.

సాయంత్రం చెల్లెళ్లు వచ్చారు. ఉదయమంతా పొగ వల్ల దారి మూసేశారట. మధ్యాహ్నం గాలి తిరిగాక ఎనిమిది నిమిషాలు చూడనిచ్చారు. నీళ్లు నిజంగానే పచ్చగా ఉన్నాయని, ఇంతకుముందు తనకేమీ గుర్తులేదని, ఇన్నేళ్లూ మినే చెప్పినదే తిరిగి చెబుతూ వచ్చానని యుకారి ఒప్పేసుకుంది. తొకికో ఆమెను తిట్టలేదు. నీళ్లు ఎంత పచ్చన, ముల్లంగి ఆకంతా, టీ అంతా అని శ్రద్ధగా అడిగి తెలుసుకుంది. తర్వాత, రేపు ఇద్దరూ సైకిలెక్కుతున్నారని, ఇందులో చర్చేమీ లేదని ప్రకటించింది.

అక్టోబరులో ఆమె ఒక్కతే మళ్లీ వచ్చింది. మంటల పనికి రానివ్వనని కొజుయె ఫోనులోనే చెప్పేసింది, అందుకు ఆమె వాదించలేదు. గడ్డి కోసే నాలుగు రోజులూ గేటు పక్కన రేకుల పాకలో పెద్ద గంజు పెట్టించి, ముప్పై మందికి పిండిముద్దల పులుసు కాచింది. చేతులు కడుక్కోకుండా వచ్చిన వాళ్లను వెనక్కి పంపింది. వరసలో రెండుసార్లు వెనక్కి వెళ్లినవాడు ఫురుషో ఒక్కడే. మూడోసారి తడిచేతులు చూపించి గిన్నె అందుకుంటూ, వచ్చే ఏడు తేదీలు ఇప్పుడే రాసుకోమని ఆయన ఆమెకు చెప్పాడు.