ఆడవాళ్ల వైపు చుట్టరికం

పోపుగారి అనుమతి వచ్చిందని ఫాదర్ ఇంగ్రమ్ గుర్రం దిగకుండానే కేకేశాడు. నేనూ ఫర్క్వార్ నాలుగో తరంలో చుట్టాలమని పెళ్లయ్యాక తేలడంతో, అంత దగ్గరి చుట్టాల పెళ్లి చెల్లదంటూ, అనుమతి వచ్చేదాకా చర్చి మమ్మల్ని విడదీసి నన్ను పుట్టింటి కోటకు పంపేసింది. ఇక ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఫాదర్ వెంటే వచ్చిన ఫర్క్వార్ భోజనాల దగ్గర బల్ల కింద నా చిటికెన వేలు పట్టుకుంటే, చల్లారిన ఓట్స్ రొట్టె కూడా తియ్యగా అనిపించింది.

"ఏ చుట్టరికానికి ఇచ్చారు?" అంది మా నాయనమ్మ డెవొర్గిల్లా.

"ముత్తాతల వైపుదానికమ్మా," అన్నాడు ఫాదర్.

"మరి ఈ అబ్బాయి అమ్మమ్మ మా చిన్నాన్న కూతురే కదా? అదీ నాలుగో తరమే."

ఫర్క్వార్ నా వేలు వదిలేశాడు. "నిరుడే చెప్పొద్దూ, నాయనమ్మా?"

"మీరు మగవాళ్ల వైపే అడిగారు. ఆడవాళ్ల ఊసు ఎవరెత్తారు?"

ఫాదర్ తల పట్టుకున్నాడు. "ఒకటి చెప్పి ఇంకోటి వదిలేస్తే ఈ అనుమతి చెల్లదు. మళ్లీ రోముకు పంపాల్సిందే."

"ఇంకా ఎవరైనా మిగిలారా?" అన్నాను పళ్లు బిగించి.

"మీ మేనత్తల అత్తగార్లతో మొదలుపెట్టనా?"

"ఇప్పుడొద్దు," అన్నాను. "రేపు పొద్దున్నే ఫాదర్ కలం పట్టుకుని నీ ఎదుట కూర్చుంటాడు. ఒక్క ఆడమనిషి కూడా మిగలకుండా చెప్పు. అది అయ్యాకే రోముకు మనిషి కదులుతాడు."