అలుపు దిగిన నీళ్ళు

గుణదల చర్చిలో మొదటి గంట కొట్టేసరికి అమలమ్మ ఇంటి వెనక పొయ్యి మీద వేపాకు ఉడుకుతూ ఉంటుంది. ఆవిడ రోటి ముందు కూర్చుని కస్తూరి పసుపు దంచుతూ ఉంటుంది. ఎండబెట్టిన నారింజ తొక్కలు ఒక డబ్బాలో, వట్టివేళ్ళు ఒక డబ్బాలో, కల్లుప్పు జాడీలో. ఎవరికి ఏది కలపాలో ఎక్కడా రాసిపెట్టుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూస్తే చాలు. చెమటకాయలతో గోక్కుంటూ వచ్చినవాళ్ళకి వేపాకు కషాయంలో గంధం, రెండు గ్లాసుల పల్చటి మజ్జిగ. చర్మం పొట్టు రాలుతున్నవాళ్ళకి కొబ్బరిపాలు, గులాబీ రేకులు. మెడ పట్టేసినవాళ్ళకి వట్టివేళ్ళు, గుప్పెడు ఉప్పు. ఆకులూ వేళ్ళూ పాత పంచె గుడ్డలో మూటకట్టి, వేడినీళ్ళలో పావుగంట నాననిచ్చి, మోచెయ్యి ముంచి చూసి, అప్పుడు "ఇంక దిగు" అంటుంది.

దిగేది వెనక గదిలో ఉన్న బాత్‌టబ్బులోకి. గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి పడగొడుతుంటే కొన్నది, ఇనప కాళ్ళున్న తెల్ల టబ్బు. రిక్షా మీద తెచ్చేటప్పుడు జారిపోకుండా ఉండాలని అమలమ్మ అందులోనే కూర్చుని ఏలూరు రోడ్డు పొడుగునా ఊరేగింది. చూసి నవ్వినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ గుర్తుపెట్టుకుంది. ఏడాది తిరక్కుండా వాళ్ళంతా అదే టబ్బులోకి వచ్చారు.

రాక ఏం చేస్తారు? ఆ నీళ్ళలో ఇరవై నిమిషాలు కూర్చుంటే ఒంట్లో అలుపంతా నీళ్ళలోకి దిగిపోతుంది. మాటవరసకి కాదు, నిజంగానే. మనిషి తేలికపడి ఇంటికెళ్తే అలుపు టబ్బులో ఉండిపోతుంది. అందుకే ఒకరు దిగిన నీళ్ళలోకి ఇంకొకరు దిగకూడదు, తిన్నగా కాలవలోకి వదిలెయ్యాలి. ఒకసారి బస్సు కండక్టరు దిగిన నీళ్ళు బకెట్లో మిగిలిపోతే కోడిపెట్ట తాగి, రెండు రోజులు నిలబడే నిద్రపోయింది. అమలమ్మ ఇంటి ముందు మురుక్కాలవ కూడా మిగతా వీధిలోకన్నా నిదానంగా పారుతుంది. పూడిక తీసేవాళ్ళు అక్కడికి వచ్చేసరికి పారలు గోడకానించి కాసేపు చతికిలబడతారు.

ఆవిడ భర్త మరియదాసు ఊరికి మంచినీళ్ళు వదిలే ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ముప్పై ఏళ్ళు రోడ్ల మీద వాల్వులు తిప్పాడు. ఎక్కడ కొళాయి కారుతున్నా ఆయన ప్రాణం కారిపోతున్నట్టే ఉండేది. అలాంటి మనిషి ఇంట్లోనే టబ్బెడు నీళ్ళు కాలవపాలు అవుతుంటే చూస్తూ ఊరుకుంటాడా? భార్య పనికి 'ఆకుల పులుసు' అని పేరుపెట్టాడు. తను మాత్రం రెండు చెంబులతో స్నానం కానిచ్చేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ఆ సామెత ఆయన్ని చూశాకే పుట్టిందేమో.

రెండువేల ఒకటో సంవత్సరం, మే నెల. రోహిణీ కార్తె ఎండకి రోళ్ళు పగులుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం మరియదాసు అన్నం కలుపుకుంటూ చల్లగా చెప్పాడు.

"వెనక గది టైర్ల కొట్టు ఇష్తియాక్ గారికి ఇచ్చేస్తన్నా. టైర్లు పెట్టుకుంటారంట. ఆదివారం వచ్చి అడ్వాన్సు ఇస్తానన్నారు."

"మరి నా టబ్బు?"

"పాతసామాన్ల వాడికి వేసేద్దాం. నువ్వు కూడా ఇంక హాయిగా కూర్చోవే. ఆకులు నీళ్ళలో వేసి జనాన్ని కూర్చోబెట్టడం కూడా ఒక పనేనా?"

అమలమ్మ కేకలు వెయ్యలేదు. ఆ గది పోతే పని లేకుండా పోతుందని కాదు, ఇంటినిండా పనే. కానీ ఆవిడ "దిగు" అంటే దిగి, "లేవు" అంటే లేచే మనుషులున్న చోటు ఆ ఒక్క గదే. అది పోతే తను ఇంట్లో ఒక సామానుగా మిగిలిపోతుందని ఆవిడకి బాగా తెలుసు. బాధ గొంతుదాకా వచ్చింది. మింగేసి, "ఆదివారం కదా, ఇంకా మూడు రోజులుంది," అంది.

ఈ సంగతి విని ఊరుకోలేకపోయింది ఎదురింటి సాజిదా. మిషను కుట్టి కుట్టి మెడ పట్టేసి వారానికోసారి టబ్బులో కూర్చునే మనిషి. శనివారం పొద్దున్నే వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఊరందరికీ చేశావు. నువ్వెప్పుడన్నా దిగావా అక్కా అందులో?"

"నాకెక్కడ కుదిరింది?"

"ఇయ్యాళ కుదురుద్ది. నీళ్ళు నేను పెడతా. నువ్వు కూర్చో."

మెయిన్ రోడ్డులో పైపు పగిలి కొళాయిలు రెండు రోజులుగా రావట్లేదు. డ్రమ్ములో మిగిలిన ఆఖరి నీళ్ళన్నీ సాజిదా టబ్బులో పోసేసింది. వట్టివేళ్ళు, గులాబీ రేకులు, ఉప్పు అన్నీ తనే మూటకట్టింది. ఉప్పు ఎక్కువైందని అమలమ్మ అనబోతే, "నోరుమూసుకుని దిగు," అంది. అమలమ్మకి అలా చెప్పించుకోవడం కొత్త, బాగుంది కూడా.

ఇరవై నిమిషాలు చాలలేదు. గంటపైన పట్టింది. అరగంట దాటాక టబ్బు కాళ్ళు గచ్చులోకి అంగుళం దిగాయి. నీళ్ళు కదలడం మానేశాయి. వేడి చూద్దామని సాజిదా వేలు ముంచితే వరసగా నాలుగు ఆవలింతలొచ్చాయి. అమలమ్మ లేచి, ఒళ్ళు తుడుచుకుని, గడప దాటబోతే కాలు కావలసినదానికన్నా ఎత్తుకి లేచింది. "ఇంత తేలిగ్గా ఉంటుందా సాజిదా, ఒళ్ళనేది?" అని నవ్వింది.

సరిగ్గా అప్పుడే మరియదాసు ఎండలోంచి వచ్చాడు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. డ్రమ్ము మూత తీసి చూసి, వెనక గదిలోకి తొంగిచూశాడు.

"ఇయ్యెవరు దిగిన నీళ్ళే?"

"నేను. దిగమాకండి. నా అలుపంతా ఉంది అందులో."

"ఇంటిపట్టున ఉండేదానివి, నీకేం అలుపే!"

సాజిదా నోరు తెరవబోతే అమలమ్మ ఆవిడ చెయ్యి నొక్కింది. చెప్పాల్సింది ఒకసారి చెప్పింది, రెండోసారి ఎందుకు? "అయితే దిగండి," అని తువ్వాలు తెచ్చి తలుపు మీద వేసింది.

ఆయన లుంగీతోనే మెడదాకా దిగాడు. "వాసన బాగుందే," అన్నాడు. తర్వాత చాలాసేపు చడీచప్పుడూ లేదు. ఆ తర్వాత "ఏమే" అని ఒక పిలుపు వినిపించింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన గొంతు అంత చిన్నగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. వెళ్ళి చూస్తే లేవలేక రెండు చేతులూ చాచి ఉన్నాడు. ఆడవాళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపి, మంచం మీదికి చేర్చారు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే ఆయనకి మెలకువ వచ్చేసింది. చెయ్యాల్సిన పనులన్నీ వరసగా తలలోకి వచ్చాయి, వాటిలో ఒక్కటీ ఆయనకి చేతకాదు.

"ఈ కుడి భుజం ఎందుకే ఇట్టా లాగేస్తంది?"

"బిందెలవి. మీరు పొరుగు వీధులకి వాల్వులు తిప్పుకుంటా తిరిగితే మన ఇంటికి బోరింగు దగ్గర్నుంచి మోశాను."

"ఈ పిక్కలు?"

"మీ అమ్మగారు మంచానపడ్డ నాలుగేళ్ళు. రాత్రిళ్ళు పక్కన నిలబడేదాన్ని."

ఆయన గొంతు పట్టుకుని చూపించాడు. "మరి ఇక్కడేంటే, ముద్ద అడ్డం పడ్డట్టు?"

"అయ్యి మీతో అనకుండా మింగినయ్యి. మొన్న గది సంగతి కూడా అందులోనే ఉంది."

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ పుండు తన వీపు మీదికే వచ్చాక కాకి గోడవైపు తిరిగి పడుకుంది. అమలమ్మకి జాలి వెయ్యకపోలేదు. కానీ తేలికైన ఒళ్ళు ఆవిడకి ఎంత హాయిగా ఉందంటే, చర్చిలో ఆదివారం పూజకి నడిచివెళ్ళి, పాటలన్నీ గొంతెత్తి పాడి, దారిలో పక్కవీధి సంపూర్ణమ్మ గారితో కబుర్లాడి, నిదానంగా వచ్చింది.

వచ్చేసరికి ఇష్తియాక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మరియదాసు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు.

"ఒంట్లో బాగోలేదా అండీ?" అన్నాడు ఇష్తియాక్.

"బాగానే ఉందండీ. అలుపు. మా ఆవిడది."

ఇష్తియాక్ అర్థమైనట్టు తలాడించాడు.

"గది ఖాళీ లేదండీ ఇష్తియాక్ గారూ," అన్నాడు మరియదాసు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "దాంట్లో మా ఆవిడ పని చేసుకుంటది. ముందు ఆమెని అడగాల్సింది. అడక్కుండా మీకు మాటిచ్చా, తప్పు నాదే."

"టైర్లదేముందండీ, ఎటైనా దొర్లుతాయి," అని లేచాడు ఆయన. గుమ్మం దగ్గర ఆగి, "అమలమ్మ గారూ, మా ఆవిడ గుల్షన్‌కి అరికాళ్ళ మంటలండీ. మంగళవారం సాయంత్రం తీసుకురానా?" అన్నాడు.

"సాయంత్రం కాదండీ. ఎండెక్కకముందే తీసుకురండి," అంది అమలమ్మ, ఆ గది మీద అసలు ఎవరికీ ఏ అనుమానమూ లేనట్టు.

సోమవారం కొళాయిలు వచ్చాయి. పాత నీళ్ళు వదిలేసి, టబ్బు రుద్ది కడిగి, వావిలాకు వేసి కాచి, అమలమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఇరవై నిమిషాలు కూర్చోండి. మొత్తం దిగిపోద్ది."

ఆయన టబ్బు అంచు పట్టుకుని ఆగాడు.

"మొత్తం తియ్యమాకు."

"అదేంటండీ?"

"మా అమ్మది ఉంచు. ఆ నాలుగేళ్ళు నేను నిలబడాల్సింది."

ఎప్పుడు ఎవరికి ఏది కలపాలో తెలిసిన అమలమ్మకి ఆ క్షణాన ఏం చెయ్యాలో తోచలేదు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, మింగనూలేదు. చెంగుతో మొహం తుడుచుకుని, మోచెయ్యి ముంచి వేడి చూసి, "అయితే పిక్కలు పైకి పెట్టుకోండి, నీళ్ళు తగలకుండా," అంది. మరియదాసు రెండు కాళ్ళూ టబ్బు అంచు మీద వేసుకుని, భుజాలదాకా మునిగి, ఇరవై నిమిషాలు కదలకుండా పడుకున్నాడు.

ఇప్పటికీ గుణదల కొండమెట్లు ఎక్కేటప్పుడు ఆయన మధ్యలో ఆగి పిక్కలు పట్టుకుంటాడు. ఎవరైనా నూనె రాసుకోమని చెబితే, "అక్కర్లేదండీ, ఇది మా అమ్మది," అని మళ్ళీ ఎక్కుతాడు.