మా సందేహాలు తీరాయట

ఈయనొకడు నా ప్రాణానికి, ఇంకా ఎన్ని ఫొటోలు, మెట్ల దగ్గరొకటి, బోర్డు కిందొకటి, ఇప్పుడీ కాగితం చుట్టల పక్కన మళ్లీ వరసగా నించోమంటాడు, పొట్టివాళ్లు ముందుకి రండమ్మా అంటాడు, మా లెక్చరర్‌కి మాకు పేపర్ ఆఫీసు చూపించడం కన్నా పేపర్లో తను కనబడటం ముఖ్యం, నాకేమో పొద్దుటి నుంచీ గొంతులో ప్రశ్న, మింగలేను కక్కలేను, ఒక్కటే ప్రశ్న, మా నాన్న బస్సు వంతెన గోడని గుద్దుకున్న రోజు ఆయన తాగి నడిపాడని మీ పేపర్లో వేశారే, మీకు ఎవరు చెప్పారండీ, అంతే, రక్తపరీక్షలో చుక్క మందు లేదని తేలింది, బ్రేకులు పోయాయని డిపోవాళ్లే ఒప్పుకున్నారు, అయినా నాన్న గడప దాటడు, తలుపు చప్పుడైతే చాలు లేచి లోపలి గదిలోకి పోతాడు, సోడా తప్ప ఇంకోటి ఎరగని మనిషి, అమ్మేమో ఊరుకోవే, జనం మర్చిపోతార్లే అంటుంది, ఎక్కడ మర్చిపోయారు, నిన్నగాక మొన్న పక్కింటి అత్త, మీ నాన్న ఇప్పుడు కాస్త తగ్గించాడా అమ్మా అని ఎంత ప్రేమగా అడిగిందో, తగ్గించడానికి ఉండాలి కదా అత్తా.

ఏవండీ అన్నాను, ఎడిటర్ గారు ఇటు తిరిగారు, తిరిగారో లేదో లెక్చరర్ అడ్డమొచ్చి ప్రశ్నలన్నీ చివర్లోనమ్మా, సారు బిజీ అన్నాడు, మెషిన్ ఎంత స్పీడు సార్ అని వెనకబెంచీ వాడడిగితే చెవుల దాకా నవ్వావు కదయ్యా, అది ప్రశ్న కాదా, పక్కన నా స్నేహితురాలు గిల్లి, ఆ మొహమేంటే, ఫొటోలో ఆముదం తాగినదానిలా పడతావ్ అంటుంది, నేను దాన్ని విదిలించుకుని ముందుకొచ్చేలోపే ఎడిటర్ గారు గడియారం చూసుకుని లోపలికి పోయారు, పోయారంతే.

కడుపు మండి అందరికన్నా వెనకబడ్డాను, పేజీలు కూర్చే గదిలో కళ్లజోడాయన ఒక్కడే, ఆయన కంప్యూటర్లో రేపటి పేజీ, అందులో మా కాలేజీ పేరు, సంపాదకుడు విద్యార్థుల సందేహాలన్నిటినీ ఓపిగ్గా నివృత్తి చేశారు, విద్యార్థులు హర్షం వ్యక్తం చేశారు, ఓరి నాయనో, ఎవరి సందేహం, ఎప్పుడు తీర్చాడు, ఇదెప్పుడు రాశారండీ అంటే ఆయన తలైనా తిప్పకుండా, పొద్దున్నే తల్లీ, ఈ పేజీ పెందరాళే అయిపోవాలి, మీరు రాకముందే రాసేస్తాం, ఎవరొచ్చినా ఇంతేగా, ఫొటో ఒక్కటే తక్కువ అన్నాడు, ఏ పాపమూ ఎరగని గొంతుతో, మా మామయ్య అన్నం తిన్నావా అని అడిగినట్టు, హర్షమట, నా మొహం చూస్తే తెలియదూ ఎంత హర్షమో, ఎవరొచ్చినా ఇంతేగా, బస్సు గుద్దుకుంటే ఇంతేగా, డ్రైవరంటే ఇంతేగా.

కింద నుంచి లెక్చరర్ కేకేస్తున్నాడు, ఆఖరి ఫొటో, రామ్మా అని, రాను, నాన్న మంచమ్మీద కూర్చుని రోజూ తవ్వుకునేది ఒకటే, నేను తూలడం ఎవడు చూశాడే, ఎవడికే నా మీద అంత కసి, కండక్టరు చెప్పాడంటావా, డిపోలో నా చోటు కోసం కాచుక్కూర్చున్నవాడా, కాదు నాన్నా, నీ మీద ఎవరికీ కసి లేదు, ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు, రాసినవాడు ఆ వంతెన దగ్గరికి అసలు రానేలేదు.